ఇరవై మిల్లీసెకన్లు

శనివారం మధ్యాహ్నం మూడుంబావు. వంటింట్లో మాతే టీ కోసం నీళ్ళు కాస్తున్నాను. పక్కగదిలోంచి నా భార్య ఇవోన్ అరిచింది.

"ఎల్బియో! రేడియో పెంచు!"

రెండు వారాలుగా ఆమె గొంతు గుసగుస దాటలేదు. కెటిల్ పొయ్యి మీదే వదిలేసి పరిగెత్తాను.

రేడియోలో డోన్ ఎబేర్ చదువుతున్నారు. ఉరుగ్వేలోని మా రివేరాలో శనివారం మధ్యాహ్నాలు నలభై ఏళ్ళుగా ఆయనవే. "ఇంకో చీటీ, ఇది కంప్యూటర్లో వచ్చింది. పేరు రాయలేదు. కలాంద్రియా పిట్ట అని సంతకం. 'ఉరిమినప్పుడల్లా మంచం కిందకి దూరి, ఉరుము వినపడకుండా గట్టిగా పాడే పిల్లకోసం ఒక మిలోంగా పాట వెయ్యండి' అట. ఎవరమ్మా ఆ పిల్ల? నా పెళ్ళాం కాదు కదా?"

పాట మొదలైంది. ఇవోన్ మోచేతుల మీద లేవబోయి, లేవలేక నా చొక్కా పట్టుకుంది.

"అది నేనే. మంచం కింద నా పక్కన ఇంకొకర్తే ఉండేది. మిర్తా."

మిర్తా ఇవోన్‌కి అక్క. రెండేళ్ళు పెద్ద. తొమ్మిదేళ్ళ క్రితం నా పెళ్ళి నిశ్చయమైంది మిర్తాతోనే. పెళ్ళికి మూడు వారాల ముందు నేనూ ఇవోనూ కలిసి వెళ్ళిపోయాం. దాన్ని చక్కగా చెప్పే దారి నాకు ఇప్పటికీ దొరకలేదు. ఆ ఏడాది కార్నివాల్‌లో పాటలబృందం వాళ్ళు మా మీద నాలుగు చరణాలు కట్టారు. ఊరంతా పాడుకుంది. మిర్తా పెళ్ళిగౌను కుట్లు తానే విప్పి, దిండు గలీబులు కుట్టి పక్కింటివాళ్ళకి పంచి, బస్సెక్కింది. ఆ తర్వాత ఉత్తరం లేదు, ఫోను లేదు.

ఇప్పుడు ఇవోన్‌కి నలభయ్యొకటి. కాలేయంలో మొదలైన క్యాన్సరు వెన్నులోకి పాకింది. నెలాఖరు దాటదని డాక్టరు నాతో వరండాలో చెప్పాడు. ఆమె తలుపు అవతలనుంచి వింది.

"నాకు ఇంకేమీ వద్దు" అంది. "దాన్ని ఒక్కసారి చూడాలి. వచ్చి తిట్టినా సరే, చెంప మీద కొట్టినా సరే. కనిపెట్టు, ఎల్బియో. నీ పనే అది కదా."

నిజమే. నా పనే అది.

మాంటెవీడియోలో ఒక చిన్న కంపెనీకి ఇంటి దగ్గరనుంచి పనిచేసేవాణ్ణి. ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి కంప్యూటరుకీ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఏ దేశంలో, ఏ ఊళ్ళో ఉందో పెద్ద పట్టికలో రాయాలి. బ్యాంకులు కొనుక్కునేవి, వ్యాపార ప్రకటనలవాళ్ళు కొనుక్కునేవారు. అంకె ఎవరిపేరున రాసి ఉందో చూస్తాం, అది ఒక ఆధారం. రెండోది, ఆ కంప్యూటరు తలుపు తడతాం. 'ఉన్నావా?' అని ఇక్కణ్ణించి చిన్న కబురు వెళ్తుంది, 'ఉన్నాను' అని తిరిగొస్తుంది. ఎంతసేపు పట్టిందో సెకనులో వెయ్యో వంతు దాకా కొలుస్తాం. ముందే చోటు తెలిసిన కంప్యూటర్లు కొన్ని ఉంటాయి, వాటిని గుర్తురాళ్ళు అంటాం. కొత్తదాని జవాబు ఏ గుర్తురాయి జవాబుకి దగ్గరగా ఉంటే అది అక్కడ ఉన్నట్టు. వందకి ఎనభై సార్లు సరిపోయేది. ఆ ఎనభై నాకు గర్వం.

ఇవోన్ వెక్కిరించేది. "ఫ్రిజ్‌లో వెన్న ఎక్కడుందో నన్నడుగుతాడు. మెక్సికోలో ఎవడి కంప్యూటరు ఏ వీధిలో ఉందో చెప్తాడట!"

సోమవారం పొద్దున్నే రేడియో స్టేషనుకి వెళ్ళాను. డోన్ ఎబేర్ రొట్టె నములుతూ కూర్చున్నారు.

"రావోయ్ అడ్రసుల పంతులూ. మీ ఆవిడ ఎలా ఉంది?"

"అలాగే ఉంది. శనివారం వచ్చిన ఆ చీటీ కావాలి, డోన్ ఎబేర్. కలాంద్రియాది."

విషయం చెప్పాను. ఆయన నమలడం ఆపేశారు. మిర్తాని చిన్నప్పటినుంచీ ఎరుగుదురు.

స్టేషనువాళ్ళ వెబ్ పేజీలో చీటీలు రాయడానికి ఒక గడి ఉండేది, అంతే. రేడియో వినే సదుపాయం అందులో లేదు. స్పెయిన్‌లో, ఆస్ట్రేలియాలో ఉన్న మావాళ్ళు ఇళ్ళవాళ్ళకి ఆ గడిలోంచి శుభాకాంక్షలు పంపేవారు. కలాంద్రియా రాసిన ఈమెయిలు ఉత్తుత్తిది, నేను రాస్తే తిరిగొచ్చేసింది. కానీ అంకె మిగిలింది. మూడు నెలల పాత చీటీలు తిరగేశాను. కలాంద్రియావి ఆరు. ఆరూ శనివారాలే, ఆరూ బ్రెజిల్ అంకెలే. సావో పాలోలో ఆఫీసున్న ఒక టెలిఫోన్ కంపెనీవి.

"ఇంత తతంగం ఎందుకురా?" అన్నారు ఎబేర్. "మధ్యాహ్నం కబుర్లలో రెండు ముక్కలు చదివేస్తాను. 'మిర్తా, నీ చెల్లెలికి బాగాలేదు, రా' అని. అయిపోయె."

పన్నెండున్నర కబుర్లంటే మా ప్రాంతంలో తెలియనివాళ్ళు లేరు. ఫోన్లు లేని పొలాల్లో వాళ్ళకోసం మొదలైంది. ఎవరికి ఆపరేషన్ అయింది, ఎవరు ఏ బస్సుకి వస్తున్నారు, ఎవరి గుర్రం కంచె దాటింది, అన్నీ పేర్లతో సహా చదువుతారు. ఊరు ఊరంతా చెంచాలు ఆపి వింటుంది.

ఊరు ఊరంతా. నా కళ్ళముందు ఆ నాలుగు చరణాలు కదిలాయి.

"ఆమె సావో పాలోలో ఉంది, డోన్ ఎబేర్. మీ రేడియో అక్కడికి వినపడదు."

"వినపడని రేడియోకి పాట వెయ్యమని ఎవరైనా రాస్తారట్రా?"

"స్పెయిన్‌నుంచి రాయట్లేదూ?"

"వాళ్ళు ఇంట్లోవాళ్ళు వింటారని రాస్తారు. ఈ పిల్ల పాట అడిగింది. పాట అడిగేవాళ్ళు వినేవాళ్ళేరా."

"మీరు రేడియో చూసుకోండి. దూరాల సంగతి నాకొదిలెయ్యండి."

"సరే బాబూ. చదువుకున్నవాడివి." మళ్ళీ రొట్టె కొరికారు.

ఇంటికొచ్చి ఇవోన్‌కి చెప్పాను. ఆమె కూడా అదే అడిగింది. "రేడియోలో చదివిస్తే?"

"పదహారువందల కిలోమీటర్లు. వినపడదు."

"నీకే తెలుస్తుంది" అని కళ్ళు మూసుకుంది. ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే నన్ను నమ్మింది.

రెండో శనివారం కంప్యూటరు ముందు కాచుకుని కూర్చున్నాను. రెండూ యాభైకి ఎబేర్ ఫోను. "వచ్చింది! పిట్ట వాలింది!" అంకె చెప్పారు. పోయినవారం దాని పక్కింటి అంకెలాంటిదే. తలుపు తట్టాను.

జవాబొచ్చింది! కంప్యూటరు ఆన్‌లో ఉంది. దాని ముందు మిర్తా కూర్చుని ఉంది, ఆ క్షణంలో.

మూడు వందల ఇరవైరెండు మిల్లీసెకన్లు. మళ్ళీ తట్టాను. మూడు వందల ఇరవైమూడు. యాభైసార్లు తట్టాను. వెంటనే సావో పాలోలో నా గుర్తురాళ్ళు నాలుగింటిని తట్టాను. మూడు వందలు, మూడు వందల ఒకటి, మూడు వందల మూడు, మూడు వందల రెండు.

ఇరవై మిల్లీసెకన్ల తేడా. దానికి నాదగ్గర కారణం రెడీగా ఉంది. గుర్తురాళ్ళన్నీ విశ్వవిద్యాలయాల కంప్యూటర్లు, మంచి కేబుళ్ళు. మిర్తాది మామూలు టెలిఫోన్ తీగ. పాత తీగల్లో ఇరవై మిల్లీసెకన్లు ఇట్టే పోతాయి. అలా ఎన్నో వేల వరసలు సరిచేశాను. పట్టిక సావో పాలో అంటోంది, గడియారం సావో పాలో అంటోంది.

"దొరికింది" అన్నాను ఇవోన్‌తో.

ఆమె నవ్వింది. పళ్ళు మాత్రమే కనపడే నవ్వు. "చీటీలో ఏం రాసింది?"

ఎబేర్ చెప్పింది చెప్పాను. 'ఇక్కడ చలి ఎముకలు కొరుకుతోంది, దక్షిణపు గాలి, పాలమీగడ మిఠాయి మాడబెట్టే పిల్లకి ఒక పాట.' నేను సావో పాలో వాతావరణం కూడా చూశాను. ఆ వారం అక్కడా చలిగానే ఉంది. చూడండి, ఎంత జాగ్రత్తగా పనిచేశానో.

ఆ వారమంతా టెలిఫోన్ కంపెనీకి రాశాను, ఫోన్లు చేశాను. కోర్టు కాగితం లేకుండా చెప్పం అన్నారు. మూడో శనివారం మళ్ళీ చీటీ, మళ్ళీ తట్టడం, మళ్ళీ మూడు వందల ఇరవైరెండు. ఆదివారం పొద్దున పక్కింటి డోన్యా ఓదిలాకి ఇవోన్‌ని అప్పగించి బస్సెక్కాను.

"దాన్ని తీసుకురా" అంది ఇవోన్. "తీసుకొచ్చేదాకా ఉంటాలే."

పోర్తో అలెగ్రె మీదుగా ముప్ఫై గంటలు. సోమవారం మధ్యాహ్నం సావో పాలోలో దిగి, సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను. ఓదిలా రిసీవరు ఇవోన్ చెవి దగ్గర పెట్టింది.

"కనపడిందా?"

"రేపు."

"గౌనులు కుట్టే చోట్ల అడుగు. అది సూది లేకుండా బతకలేదు."

అడిగాను. మంగళవారం టెలిఫోన్ కంపెనీ గుమ్మంలోనే తిప్పి పంపేసింది. రోజంతా కుట్టుపని వీధుల్లో తొమ్మిదేళ్ళనాటి ఫోటో పట్టుకుని తిరిగాను. వాన. మిషన్ల మోత. బొలీవియా ఆడవాళ్ళు ఫోటో చూసి జాలిగా తల అడ్డంగా ఊపారు. ఒకామె మాత్రం, "మీ భార్యా?" అంది. కాదన్నాను. "మరి ఇంత వెతుకుతున్నారేం?" అంది.

బుధవారం పొద్దున ఓదిలా ఫోన్లో చెప్పింది. "నిన్న తెల్లవారుజామునుంచి పలకట్లేదు, నాయనా. ఊపిరుంది. పెదాలు తడుపుతున్నాను. ఇక నీ ఇష్టం."

మళ్ళీ కంపెనీకి పరిగెత్తాను. గుమ్మం దగ్గర గలాటా చేశాను. రెండు చేతులతో కాగితాలు ఊపాను. యాభై తట్టుళ్ళ లెక్కలు, గుర్తురాళ్ళ లెక్కలు అన్నీ అచ్చు తీసుకెళ్ళాను. కాపలావాడు నన్ను బయటికి నెట్టబోతుండగా సిగరెట్టుకోసం దిగివచ్చిన ఒకామె ఆ కాగితాలు చూసి ఆగింది. మెడలో బిళ్ళ మీద జురేమా అని ఉంది.

"ఎవరు కొలిచారు ఇవి?"

"నేనే."

"ఎక్కణ్ణుంచి?"

"రివేరా. ఉరుగ్వే."

కాగితం మళ్ళీ చూసింది. అదే పనిచేసే మనిషి చూసే చూపు. నేను అంతా చెప్పాను. ఇవోన్ గురించి, చీటీల గురించి. చెప్తుంటే ఆమె సిగరెట్టు వెలిగించడం మర్చిపోయింది.

"పేరూ ఇంటి నంబరూ ఇవ్వను. ఉద్యోగం పోతుంది. ఊరు చెప్తాను, ఊరు చెప్తే ఎవరూ ఉరితియ్యరు. ఉండండి."

ఏడు నిమిషాల్లో తిరిగొచ్చింది. ఆమె ముఖం చూడగానే ఏదో అయిందని తెలిసింది.

"ఈ అంకెల వరస ఇక్కడిది కాదండీ. మా ఆఫీసు పేరున ఉందంతే. అంకెలన్నీ దక్షిణానికి ఇచ్చేశాం. లివ్రమెంతో."

చేతిలోని కాగితాలకేసి చూశాను.

"మీ ఎదురు ఊరు కదూ?" అంది మెల్లగా.

ఎదురు ఊరు కాదు. ఎదురు వీధి. రివేరా ఎక్కడ అయిపోతుందో లివ్రమెంతో ఎక్కడ మొదలవుతుందో మా కుక్కలకి కూడా తెలియదు. మధ్యలో ఒక రోడ్డు. ఈ పక్క ఫుట్‌పాత్ ఉరుగ్వే, ఆ పక్క ఫుట్‌పాత్ బ్రెజిల్. గేటు లేదు, పోలీసు లేడు. పప్పు అక్కడ కొంటాం, మాంసం ఇక్కడ కొంటాం.

"కానీ మూడు వందల ఇరవైరెండు!" అన్నాను. అన్నానే గానీ, నోట్లో మాట నోట్లో ఉండగానే అర్థమైంది.

మా తీగలకీ వాళ్ళ తీగలకీ ఆ రోడ్డు మీద ఎక్కడా కలయిక లేదు. నా కబురు రివేరానుంచి మాంటెవీడియో వెళ్ళింది, సముద్రం అడుగున మయామి వెళ్ళింది, మయామిలో బ్రెజిల్ తీగ ఎక్కి సావో పాలో వచ్చింది, సావో పాలోనుంచి మళ్ళీ దక్షిణానికి దిగి లివ్రమెంతో చేరింది. ఆ చివరి మజిలీ రానూపోనూ ఎంత? ఇరవై మిల్లీసెకన్లు. పాత టెలిఫోన్ తీగ మీదకి తోసేసిన ఇరవై.

ఇది నాకు తెలియని సంగతి కాదు. పొరుగింటికి పంపినా మయామి చుట్టిరావాలని మా ఆఫీసులో జోకులేసుకునేవాళ్ళం. బ్రెజిల్‌లో పదకొండు గుర్తురాళ్ళు పెట్టుకున్నాను. లివ్రమెంతోలో ఒక్కటీ పెట్టలేదు. కిటికీలోంచి కనపడే ఊరికి గుర్తురాయి ఎవడు పెట్టుకుంటాడు?

"ఫోన్ చెయ్యాలి" అన్నాను. జురేమా తన ఫోన్ ఇచ్చింది.

పన్నెండూ పది. ఎబేర్ ఎత్తారు.

"చదవండి" అన్నాను. "కబుర్లలో చదవండి. పేరుతో సహా. అందరి పేర్లతో."

ఆయన కాగితం లాక్కున్న చప్పుడైంది. "ఏమని రాయమంటావు?"

"మిర్తా, ఇవోన్ చచ్చిపోతోంది. ఇంట్లోనే ఉంది. వెంటనే రా. ఎల్బియో."

"రాశాను" అని, ఆగి, "పెట్టెయ్ బాబూ. బస్సు చూసుకో" అన్నారు.

తర్వాత సంగతులు నాకు ఓదిలా చెప్పింది. పన్నెండున్నరకి ఎబేర్ చదివారు. మామూలుగా ప్రతి కబురూ ఒకసారి చదువుతారు. ఇది మూడుసార్లు చదివారు. ఒంటిగంటకి పది నిమిషాలుండగా తలుపు చప్పుడైంది. బయట ఒకావిడ, చలికోటు లేదు, మెడలో కొలతటేపు, జాకెట్టు ముందంతా గుండుసూదులు. లివ్రమెంతో కొండవీధినుంచి పరిగెత్తుకొచ్చింది. పదమూడు వీధులు. మాట్లాడలేక తలుపు పట్టుకుని నిలబడిందట.

మర్నాడు ఉదయం పదింటిదాకా మిర్తా ఆ మంచం దిగలేదు. చెల్లెలి పక్కన పడుకుని చెవిలో ఏవేవో చెప్పింది. ఇవోన్ కళ్ళు తెరవలేదు. చెయ్యి నొక్కినా తిరిగి నొక్కలేదు. పదింటికి ఊపిరి ఆగింది.

నేను ఆ రాత్రి ఎనిమిదింటికి దిగాను. ఇంటినిండా జనం. నా రాకకోసం ఖననం మర్నాటికి ఆపారు. ఇవోన్‌కి తల దువ్వి ఉంది. ఎవరు దువ్వారో అడగక్కర్లేదు. వాళ్ళమ్మ వేసినట్టు పక్క పాపిట.

వంటింట్లో మిర్తా ఒక్కతే బల్ల దగ్గర కూర్చుని ఉంది. జుట్టు నెరిసింది. నేను ఎదురుగా కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట ఇది.

"ఎప్పటిదాకా మాట్లాడింది?"

"సోమవారం సాయంత్రం దాకా."

"నేనని ఎప్పుడు తెలుసుకుంది?"

"మూడు శనివారాల క్రితం. ఉరుము చీటీ."

వేళ్ళు మడిచింది. "పదహారు రోజులు. ఏడాదిన్నరగా లివ్రమెంతోలో ఉన్నాను, ఎల్బియో. సంతలో దూరంనుంచి చూసేదాన్ని. పలకరించాలంటే మొహం చెల్లేది కాదు. చిక్కిపోతే, సోకుకి తిండి మానేసిందనుకున్నాను. చూశావా, ఎంత తెలివైనదాన్నో." ఆగింది. "పక్కనే నెట్ సెంటరు. శనివారం చీటీ రాసి, ఇంటికి పరిగెత్తి, రేడియో దగ్గర కూర్చునేదాన్ని. కబుర్లు రోజూ వింటాను. మిషను ఆపి మరీ వింటాను. ఈ పదహారు రోజుల్లో ఎవరికి కవలలు పుట్టారో తెలుసు, ఎవరి ఎద్దు తప్పిపోయిందో తెలుసు. నా పేరు ఒక్కసారి చదివించలేకపోయావా?"

లెక్కలు నా దగ్గర ఉన్నాయి. సంచిలోనే ఉన్నాయి, యాభై తట్టుళ్ళూ. తియ్యబోయాను కూడా.

"దూరం అనుకున్నాను..." అన్నాను.

"దూరమే అనుకో. చదివిస్తే ఏం పోయేది?"

వంటింటి గుమ్మంలో డోన్ ఎబేర్ నిలబడి ఉన్నారు, టోపీ చేతిలో పట్టుకుని. ఆయన చెప్పేయవచ్చు. చెప్పలేదు. నాకే వదిలేశారు.

"చదువుతానన్నారు. నాకే సిగ్గేసింది" అన్నాను. "మళ్ళీ ఊరంతా మన ముగ్గురి గురించి మాట్లాడుకుంటారని."

మిర్తా కుర్చీ వెనక్కి జరిపింది.

"దానికి తెలుసా, నువ్వే వద్దన్నావని?"

"వినపడదని చెప్పాను. నమ్మింది."

"నమ్ముతుంది" అంది మిర్తా. "దానికి నువ్వంటే అంత."

మర్నాడు పొద్దున పాతిపెట్టాం. ఊరంతా వచ్చింది. నా భయం నిజమే, అందరూ మాట్లాడుకుంటున్నారు. నేను విన్నాను. 'చిన్నప్పుడు ఆ ఇద్దరూ ఒక్క సైకిలు మీద బడికెళ్ళేవారు' అని మాట్లాడుకుంటున్నారు. 'పెద్దది పాపం కోటు కూడా లేకుండా వచ్చిందిట' అని మాట్లాడుకుంటున్నారు. నామీద ఎవరూ చరణాలు కట్టలేదు.

శ్మశానంనుంచి మిర్తా నడిచే వెళ్ళింది. సరిహద్దు వీధి దాకా ఆమె వెనకాలే నడిచాను, పది గజాల దూరంలో. ఆమెకి తెలుసు. వెనక్కి చూడలేదు. కార్లు ఆగినప్పుడు రోడ్డు దాటి, అవతలి ఫుట్‌పాత్ ఎక్కి, కొండవీధిలోకి తిరిగింది.

ఆ రోడ్డు దాటడానికి ఇరవై అడుగులు చాలు. నేను ఇవతలే నిలబడిపోయాను.